రెండో నంబరు చుక్క

సిస్టరమ్మ చనిపోయిందన్న సంగతి నాకు ఆమె పరుపు వల్ల తెలిసింది. పోయిన సోమవారం పొద్దున మట్టెవాడలో మా దుకాణం ముందు ఒక ఆటో ఆగింది. వెనక సీటులో చుట్ట చుట్టి తాడు కట్టిన పరుపు, దాని పక్కన ఒదిగి కూర్చున్న ఒక పెద్దావిడ. పరుపుకు ఉన్న నీలం చారల గలీబు చూడగానే గుర్తుపట్టాను. రెండేళ్ల కింద నేనే కుట్టి, జిప్పు వేసి, సుబేదారికి తీసుకెళ్లి ఇచ్చిన గలీబు అది. కుట్టుమిషన్ దగ్గర నుంచి లేచి నవ్వుతూ ఎదురెళ్లాను. "సిస్టరమ్మ రాలేదా?" అని అడిగాను.

"మా చెల్లె పోయింది బిడ్డా," అన్నది ఆ పెద్దావిడ. "పన్నెండొద్దులాయె. గుండె ఆగింది. పరుపు పారేయమంటాన్రు అందరు. నాకు పాణం ఒప్పుతలేదు. ఏకి మళ్ల కుడితే నేనే పండుకుంట."

నా ముఖం మీద నవ్వు ఇంకా అలాగే ఉంది. దాన్ని ఎలా తీసేయాలో తెలియలేదు.

అప్పటి నుంచి నాకు నిలకడ లేదు. కుట్టడానికి కూర్చుంటే దారం తెగుతోంది. పొయ్యి మీద పాలు పెట్టి కిందికి వస్తాను, ఎందుకు వచ్చానో మరచి మళ్లీ పైకి పోతాను. ఆ పరుపు మా దుకాణంలోకి వచ్చిందా లేదా అన్నది చివర చెప్తాను. ముందు ఆమె గురించి చెప్పాలి. నేను చదివింది ఏడో తరగతి వరకే. ఇంత పొడుగు ఎప్పుడూ రాయలేదు.

ఆమె హన్మకొండ సుబేదారిలో ఒక అలర్జీ డాక్టరు గారి దగ్గర పరీక్షలు చేసే సిస్టర్. ఎవరికి ఏది పడదో చేతి మీద చుక్కలు వేసి తేల్చే పని ఆమెది. గడియారాన్ని మణికట్టు లోపలివైపుకు తిప్పి పెట్టుకునేది. చీర మీద తెల్ల కోటు, కోటు జేబులో నీలం పెన్ను, ఒక చిన్న ప్లాస్టిక్ స్కేలు. మనిషి ముఖం కంటే ముందు చెయ్యి చూసేది. "ఇది మిర్చి యార్డు చెయ్యి," "ఇది దోసెల పెనం చెయ్యి," అని ముంజేయి చూసి పని చెప్పేది. ఎక్కువ సార్లు సరిగ్గానే చెప్పేది. తప్పైతే తనే ముందు నవ్వేది.

నాది పరకాల దగ్గర పల్లె. మా నాన్న పత్తి వేస్తాడు. పెళ్లయి వచ్చింది పరుపుల దుకాణానికి. పాత పరుపులు విప్పి, దూదిని మిషన్‌లో ఏకి, మళ్లీ నింపి కుట్టడం మా ఇంటి పని. కింద దుకాణం, పైన ఇల్లు. నేను మిషన్ పక్కన కూర్చుని ఏకిన దూదిని తలకింది మెత్తల్లో నింపేదాన్ని. ఆరు నెలలు తిరగకముందే తుమ్ములు పట్టుకున్నాయి. పొద్దున లేస్తూనే ఇరవై, ముప్పై తుమ్ములు. కళ్లు ఎర్రబడి నీళ్లు కారేవి. చేతులంతా దద్దుర్లు. ఒక్కోసారి మెట్లు ఎక్కితే ఛాతీలో పిల్లి కూసినట్టు చప్పుడు.

అత్తమ్మ తప్పు నా తిండి మీద వేసింది. మొదట వంకాయ బంద్. తర్వాత గోంగూర, చేపలు, గుడ్డు, పల్లీలు. మూడు నెలలు చారూ అన్నం, పెసరపప్పు తిని ఉన్నాను. అందరూ గుడ్డు కూర తింటుంటే నేను వడ్డించేదాన్ని. దురద మాత్రం ఏ పథ్యానికీ తగ్గలేదు. మందుల షాపులో ఇచ్చే గోలీ వేసుకుంటేనే ఒక పూట నెమ్మదించేది.

ఒక రోజు మా ఆయన నెమ్మదిగా, "దూది పడుతలేదేమో అమ్మా," అన్నాడు.

అత్తమ్మ ఉలిక్కిపడింది. "పత్తి చేన్ల పుట్టిన పిల్లకు దూది పడదా? జనం వింటె నవ్వుతరు. పరుపులోళ్ల ఇంటికి దూది పడని కోడలెందుకురా? గదే నిజమైతే పరకాల బస్సెక్కిస్త, ఆడనే ఉంటది."

ఆమె ఆ మాట అని గిన్నెలు కడుక్కోవడానికి పోయింది. నాలో అది ఉండిపోయింది. మా ఊళ్లో బస్సు దిగి, సంచీ పట్టుకుని మా నాన్న ముందు నిలబడి, దూది పడలేదని చెప్పడం ఊహించుకునేదాన్ని. పత్తి మీద బతికే మనిషికి ఆ మాట ఎలా చెప్పాలి?

చివరికి అత్తమ్మే నన్ను సుబేదారికి తీసుకెళ్లింది. డాక్టరు గారు నన్ను చూసి చుక్కల పరీక్ష చేయించుకోమని రాశారు. వారం తర్వాత రమ్మన్నారు. బయట గదిలో సిస్టరమ్మ నా చెయ్యి పట్టుకుని తిప్పి చూసింది. వేళ్ల చివర సూది పొడుచుకున్న గుర్తులు చూసి, "కుట్టే చెయ్యి. సూదికి భయపడే చెయ్యి గాదు ఇది," అన్నది. నేను తల దించుకున్నాను. అత్తమ్మ పక్కనే ఉంది.

"ఈ వారం దురద గోలీ, జలుబు గోలీ ఏదీ వేసుకోవద్దు బిడ్డా. పడని చుక్క దద్దురు లెక్క లేవాలె, గోలీ వేసుకుంటే చుక్కలు లేవయి. ఆయాసం ఎక్కువైతె మాత్రం ఆగకు, ఫోన్ చెయ్యి," అని చెప్పింది.

చుక్కలు లేవయి. ఆ మాట ఒక్కటే పట్టుకుని ఇంటికి వచ్చాను.

ఆరు రోజులు ఓర్చుకున్నాను. దువ్వెనతో గోక్కున్నాను, తడి గుడ్డ చుట్టుకున్నాను. ఏడో రోజు సాయంత్రం దీపం పెట్టే వేళ, వంటింట్లో ఉప్పు డబ్బా వెనక దాచిన గోలీ తీసి మింగాను. దురద ఓర్చలేక మింగలేదు. చుక్కలు లేవకపోతే దూది పేరు బయటికి రాదు, బయటికి రాకపోతే బస్సెక్కించరు అనుకున్నాను. అంతే నా తెలివి.

మర్నాడు ఆమె నా ఎడమ చెయ్యి బల్ల మీద వెల్లకిలా పెట్టించింది. స్పిరిటు దూదితో తుడిచింది. దూది చూసి నాకు నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి. నీలం పెన్నుతో వరుసగా అంకెలు వేసింది, రెండో తరగతి పంతులమ్మ పలక మీద వేసినంత గుండ్రంగా. ఒక్కో అంకె పక్కన ఒక్కో సీసాలోంచి ఒక్కో చుక్క. తర్వాత ఒక్కో చుక్కలోంచి చిన్న సూదితో తేలిగ్గా ఒక పోటు. రక్తం కూడా రాలేదు.

"గోలీ ఏమన్న వేసుకున్నవా?" అని అడిగింది.

"లేదు," అన్నాను.

గంట మోగే గడియారం తిప్పి పెట్టింది. "పావుగంట. గోకకు. గోకితే చెయ్యి అబద్ధం చెప్తది," అన్నది. తర్వాత బల్ల కింద నుంచి ఒక స్టీలు పళ్లెం తీసి నా కుడి చేతి దగ్గర పెట్టింది. అందులో బియ్యం. "రాళ్లు ఏరు."

నేను తెల్లబోయి చూశాను. కుడి చెయ్యి ఖాళీగా ఉంటే ఎడమ చేతి మీదికి పోతుందని ఆమె కనిపెట్టిన ఉపాయం అది. వచ్చిన ప్రతి ఒక్కరితో బియ్యం ఏరించి సాయంత్రం ఇంటికి తీసుకుపోయేది. "మా అక్క అంటది, హన్మకొండ దురదంత మన ఇంట్ల అన్నమైతాందే అని," అని చెప్పి తనే పగలబడి నవ్వింది. అత్తమ్మ కూడా నవ్వింది.

గంట మోగింది. నా చేతి మీద ఏమీ లేవలేదు. అంకెలు తప్ప ఏమీ లేవు.

అత్తమ్మ వంగి చూసింది. "ఒక్కటి గూడ లేవలే! అంటే దీనికి ఏ రోగం లేదన్నట్టే గదా? ఏడాది నుంచి మమ్ముల ఆడిస్తాందా?"

ఇది నేను అనుకోలేదు. దూది పేరు రాకుండా ఆపాననుకున్నాను గాని, అన్నీ ఆగిపోతే నా తుమ్ములే నాటకం అవుతాయని తోచలేదు. ఇక ఏ దారిలో పోయినా చివర ఆ బస్సే ఉంది.

సిస్టరమ్మ స్కేలు తీసి రెండో నంబరు పక్కన పెట్టింది. ఒక్క క్షణం నా ముఖంలోకి చూసింది. తర్వాత అత్తమ్మ వైపు తిరిగి, "అమ్మా, ఈ పరీక్ష చెల్లదు. ఇయ్యాల నా చెయ్యి సక్కగ పడలే. సూది పైపైన పోయింది. మళ్ల చెయ్యాలె. మీరు జర బయట కూసోండ్రి," అన్నది.

అత్తమ్మ గొణుక్కుంటూ బయటికి పోయింది. తలుపు మూసుకుంది.

"ఒకటో నంబరు ఉత్త ఉప్పు నీళ్లు," అన్నది సిస్టరమ్మ నెమ్మదిగా, నా చెయ్యి తుడుస్తూ. "అది లేవొద్దు. రెండో నంబరు దురద పుట్టించే మందు. అది నాకు లేస్తది, నీకు లేస్తది, మీ అత్తకు లేస్తది. సచ్చినోళ్లకు తప్ప అందరికి లేస్తది బిడ్డా. ఈ రెండు సక్కగుంటెనే మిగిలినయి నిజం చెప్పినట్టు. నీకు రెండోది లేవలే. ఎన్నడు మింగినవ్?"

నేను ఏడ్చాను. నిన్న సాయంత్రం అని చెప్పాను. ఎందుకో కూడా చెప్పాను. పెళ్లయ్యాక పరాయి మనిషి ముందు అంతసేపు మాట్లాడింది అదే మొదలు.

ఆమె తిట్టలేదు. "డాక్టరు గారికి ఉన్నది ఉన్నట్టు చెప్త. దాచుడు కుదరదు. ఆయన దగ్గర దాస్తె నీకే నష్టం. మీ అత్తకు మాత్రం నా చెయ్యి తప్పు. సరేనా?" అన్నది. పళ్లెంలో పక్కకు తీసిన రాళ్లు చూసి, "బాగనే ఏరినవ్ గని. ఏడ్చుకుంట గూడ ఒక్క రాయి ఇడిసిపెట్టలే," అన్నది.

మళ్లీ పరీక్ష దాకా ఉన్న వారం నేను ఎలా గడిపానో నాకే తెలియదు. గోలీల అట్ట మా ఆయన చేతికి ఇచ్చేశాను, నేను అడిగినా ఇవ్వొద్దన్నాను. కారణం అడిగితే చెప్పలేదు. కూర్చోలేను, పడుకోలేను. మేడ మీద ఆ చివర నుంచి ఈ చివరకు తిరిగేదాన్ని. చేతులు దులుపుకుంటూ, వీపు గోడకు రుద్దుకుంటూ.

రెండోసారి రెండో నంబరు పది నిమిషాల్లోనే కందిగింజంత లేచింది. "లేచింది సూడు!" అని ఆమె చిన్నపిల్లలా సంబరపడింది. వంకాయ లేవలేదు. గుడ్డు లేవలేదు. చేప, పల్లీ ఏవీ లేవలేదు. ఆరో నంబరు చింతపిక్కంత పొంగి ఎర్రగా మండింది. స్కేలు పెట్టి కొలిచి కాగితం మీద రాసుకుంది.

"గదేంది?" అన్నది అత్తమ్మ.

నా కుడి చెయ్యి బియ్యంలో ఆగిపోయింది.

"దుమ్ముల ఉండె పురుగు. కంటికి కనవడదు. పాత పరుపులల్ల, మెత్తలల్ల ఉంటది."

"దూదేనా అయితె?"

"దూది గాదమ్మా. పాత దూదిల దుమ్ము. చేన్ల పత్తి తోని ఈ పిల్లకు పంచాయితీ లేదు."

"పరుపుల దుకాణంల దుమ్ము పడకుంటె ఎట్లనమ్మా బతుకుడు?" అత్తమ్మ సిస్టరమ్మ చెయ్యి పట్టుకుంది. అప్పుడే నాకు తెలిసింది, ఆమెకూ భయమేనని. దుకాణం మీద మాట వస్తుందని ఆమె భయం.

"పరుపులు అమ్మెటోళ్లందరు పరుపుల నడుమనే కూసుంటరా?" అన్నది సిస్టరమ్మ. "మిషన్ వెనకకు జరుపుండ్రి, నడుమ తలుపు పెట్టుండ్రి. పిల్లను ముందట కూసోబెట్టి కొత్త గలీబులు కుట్టిచ్చుకోండ్రి. చెయ్యి సూసిన గద, మంచి కుట్టు చెయ్యి. డాక్టరు గారు మందులు రాస్తరు. పండుకునే దుప్పట్లు వేడి నీళ్లల్ల పిండుండ్రి. ఇంకోటి, ఈ మూడు నెలలు ఉత్తగనే ఎండవెట్టినవ్ పిల్లను. ఇయ్యాల వంకాయ పెట్టు."

ఆ రోజు అత్తమ్మ గుత్తి వంకాయ చేసింది. నా పళ్లెంలో మూడు వేసింది. మూడూ తిన్నాను.

అలా నేను మట్టెవాడలోనే ఉండిపోయాను. మిషన్ వెనక గదిలోకి పోయింది. నేను ముందు కూర్చుని గలీబులు కుట్టడం మొదలుపెట్టాను. దగ్గరి నేత గుడ్డ, అంచు దాకా జిప్పు, దుమ్ము బయటికి రాకుండా. డాక్టరు గారి మందులకు తుమ్ములు తగ్గాయి, పూర్తిగా పోలేదు గాని తగ్గాయి.

అయితే అత్తమ్మకు ఒక మాట అలవాటయింది. దుకాణానికి ఎవరు వచ్చి కోడలికి ఎలా ఉందని అడిగినా, "ఇప్పుడు మంచిగున్నది గని, ఆ సిస్టర్‌కు సూది పొడుసుడే రాదమ్మా. ఒక్క పరీక్షకు రెండుసార్లు పొడిసింది నా కోడల్ని," అనేది. కావాలని అనేది కాదు, వచ్చినవాళ్లతో పంచుకునే కబురులా అనేది. నేను కుట్టుమిషన్ మీద తల వంచుకుని ఇంకా వేగంగా తొక్కేదాన్ని. ఆ చప్పుడులో మాట వినిపించకుండా పోతుందన్నట్టు. మిషన్ ఆగితే మళ్లీ వినిపించేది.

నీలం చారల గలీబు ఇవ్వడానికి వెళ్లినప్పుడు చెప్పేయాలనే వెళ్లాను. అత్తమ్మతో చెప్పేస్తానని ఆమెకు మాట ఇవ్వాలని. నేను గలీబు చేతికిచ్చి నోరు తెరిచేలోపే ఆమె, "ఏం బిడ్డా, నాకు సూది పొడుసుడు రాదట గదా!" అన్నది. నవ్వుతోంది. మట్టెవాడ నుంచి వచ్చిన ఒకామె, వేరే సిస్టర్ ఉంటే ఆమెతో చేయించమని అడిగిందట.

"సిస్టరమ్మా, నేను మా అత్తమ్మకు..." అన్నాను.

"ఫికర్ చెయ్యకు," అన్నది ఆమె గలీబు జిప్పు లాగి చూసుకుంటూ. "మాట నా మీద పడితె నాకు దద్దురు లేవదు. ఒకటో నంబరు లెక్క. నీకు ఎన్నడు ధైర్యమైతె గప్పుడు చెప్పుకో. అబ్బ, కుట్టు ఎంత దగ్గర వేసినవ్ పిల్లా!"

రెండేళ్లు గడిచాయి. ఈ పండగ అయ్యాక చెప్దాం, ఆ పెళ్లి అయ్యాక చెప్దాం అనుకుంటూ ఉన్నాను. ఆమె ఎక్కడికీ పోదని, సుబేదారిలో ఆ బల్ల దగ్గరే ఉంటుందని అనుకున్నాను.

ఇక సోమవారం సంగతి. పెద్దావిడ ఆటోలో పరుపు మీద చెయ్యి వేసుకుని కూర్చుంది. వెనక గదిలో మా ఆయన దూది ఏకుతున్నాడు, మిషన్ చప్పుడు గట్టిగా వస్తోంది. అత్తమ్మ గడప మీదికి వచ్చి సంగతి విన్నది. తల అడ్డంగా ఊపింది.

"సచ్చినోళ్ల పరుపు దుకాణంల పెట్టుకోమక్కా. మా మామ నాటి నుంచి లేదు. ఏమనుకోకు," అన్నది. తర్వాత ఆమెకు నిజంగానే జాలి కలిగింది. "పాపం, మంచి మనిషే. సూది పొడుసుడు ఒక్కటే సక్కగ రాకపోయేది."

పెద్దావిడ కళ్లు పరుపు మీదికి దించుకుంది.

నాకు అప్పుడు ఏమైందో చెప్పలేను. మిషన్ చప్పుడులో వినపడాలని గట్టిగా అరిచాను. "ఆమె సూది మంచిగనే పొడిసింది అత్తమ్మా! నేనే..." సరిగ్గా అప్పుడే మా ఆయన మిషన్ ఆపాడు. మిగతా సగం వీధంతా విన్నది. "నేనే గోలీ మింగిన!"

ఎదురు దుకాణంలో కొలత టేపు పట్టుకున్న మనిషి అలాగే నిలబడ్డాడు. ఇక ఆపలేకపోయాను. చుక్కలు లేవకూడదని మింగానని, ఆమె కనిపెట్టిందని, నన్ను కాపాడటానికి తప్పు తన మీద వేసుకుందని అన్నీ చెప్పాను.

అత్తమ్మ నన్నే చూసింది. "ఎందుకు మింగినవ్?"

"మీరు బస్సెక్కిస్తరని."

"నేనెన్నడన్న?"

"అన్నరు అత్తమ్మా. గిన్నెలు కడుగవోయే ముందట."

ఆమె గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించింది. గుర్తుకొచ్చిందనే అనుకుంటాను. "రెండేండ్లు ఆమెను నాతోని తిట్టిచ్చినవ్ గదనే," అన్నది. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

తర్వాత గడప దిగి ఆటో దగ్గరికి పోయింది. పెద్దావిడ చేతి కింద నుంచి తాడు తనే పట్టుకుంది. "దించు అక్కా. నేనే చేస్త," అన్నది.

పెద్దావిడ పోయేముందు సంచీలోంచి ఒక స్టీలు పళ్లెం తీసి నాకు ఇచ్చింది. "మట్టెవాడల గలీబు కుట్టిన పిల్ల ఏడ్చుకుంట గూడ మంచిగ ఏరిందని మా చెల్లె చెప్పేది. నీ దగ్గర ఉండనియ్యి."

ఇవాళ పొద్దున అత్తమ్మ మా ఆయనను మిషన్ ముట్టనివ్వలేదు. ముందు ఎండకు పెట్టాలన్నది. ముక్కుకు, నోటికి పాత చీర గుడ్డ కట్టుకుని, గలీబు విప్పి, పరుపును పెరట్లో రాతి మీద వేసి కట్టెతో కొడుతోంది. ఆమె ఆ పని చేసి ఏళ్లయింది. నేను మెట్ల దాకా వెళ్తే, గుడ్డలోంచే అరిచింది. "నువ్వు రాకు! దుమ్ము! పైన కూసో!"

పైకి వచ్చి కిటికీ తలుపులు మూసి, అద్దంలోంచి చూస్తూ కూర్చున్నాను. ఒళ్లో పళ్లెం, పళ్లెంలో బియ్యం. కింద ఒక్కో దెబ్బకు దుమ్ము లేచి, ఎండలో కాసేపు నిలబడి, మెల్లగా పక్కకు పోతోంది. అత్తమ్మ ఆగి, చేతిని నడుముకు ఆనించి, మళ్లీ కొడుతోంది. నేను రాళ్లు ఏరుతున్నాను. ఒంటి చేత్తో. ఎడమ చెయ్యి ఎప్పుడు పెట్టుకున్నానో తెలియదు, మోకాలి మీద వెల్లకిలా చాపి ఉంది.